హెవీ లైసెన్సు: కాగితం సరే, తోక సంగతేమిటి?

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది విశాఖపట్నంలో గాజువాక. నా వయసు 28. 2021లో కారు లైసెన్సు తీసుకుని, అప్పటినుంచి యాక్టింగ్ డ్రైవరుగా పనిచేస్తున్నాను. పరవాడ ఫార్మా సిటీకి స్టాఫ్ బస్సులు తిప్పే కాంట్రాక్టరు ఒకాయన “హెవీ (భారీ వాహనాల లైసెన్సు) తెచ్చుకో, నెల జీతం మీద పెట్టుకుంటాను. అంతవరకు మా 20 సీట్ల చిన్న బస్సు నడుపు” అన్నారు. ఏజెంటును అడిగితే 18 వేలు చెప్పాడు. డ్రైవింగ్ స్కూలుకు రానక్కరలేదట, టెస్టు రోజు కనిపిస్తే చాలట. నా చదువు ఏడో తరగతితో ఆగింది. ఎనిమిది పాసైనట్టు సర్టిఫికెట్ కూడా తనే చూస్తానంటున్నాడు. నేను కళ్లజోడు పెట్టుకుంటాను. చిన్న బస్సు ఇప్పుడే నడపవచ్చా? హెవీ ఎక్కిస్తే నా కారు లైసెన్సు గడువు తగ్గిపోతుందా? మున్ముందు ఆర్టీసీకి ప్రయత్నించాలని ఉంది. దారి చెప్పగలరు.
— ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: తమ్ముడూ, ముందు ఆ ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ సంగతి తేల్చేద్దాం. అది మీకు అవసరమే లేదు. బస్సు, లారీ లాంటి రవాణా వాహనం నడిపేవారికి కనీసం ఎనిమిదో తరగతి ఉండాలన్న నిబంధన ఒకప్పుడు ఉండేది. 2019లో కేంద్రం దాన్ని తీసేసింది. తీసేసిన నిబంధనకు దొంగ సర్టిఫికెట్ అమ్మజూస్తున్న మనిషి మిగతా విషయాల్లో మీకు నిజం చెబుతాడని నేను అనుకోను. లేని అడ్డంకికి డబ్బు కట్టి, దొంగ పత్రం వాడిన నేరం కూడా మీరే నెత్తికెత్తుకుంటారు. ఉద్యోగ ప్రకటనల్లో చదువు షరతు వేరే విషయం. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక చిన్న బస్సు. అది నడపవచ్చా లేదా అన్నది తేల్చేది సీట్లు కాదు, బరువు. మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి, అందులోని జనం, సామాను అన్నీ కలిపిన మొత్తం బరువు 7,500 కిలోలు దాటకపోతే అది తేలికపాటి వాహనమే. కారు లైసెన్సు ఉన్నవారు ఈ బరువు లోపు రవాణా వాహనం నడపవచ్చా, లైసెన్సు మీద వేరే ముద్ర కావాలా అన్న వివాదం ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. బీమా కంపెనీలు పరిహారం ఎగ్గొట్టడానికి దీన్నే పట్టుకునేవి. చివరికి 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది: 7,500 కిలోల లోపు రవాణా వాహనానికి తేలికపాటి వాహన లైసెన్సు చాలు, వేరే ముద్ర అక్కరలేదు. కాబట్టి ఆ బస్సు ఆర్‌సి అడిగి తీసుకుని మొత్తం బరువు ఎంత రాసి ఉందో చూడండి. అంకె 7,500 లోపుంటే నడపండి. ఒక్క కిలో ఎక్కువున్నా ముట్టుకోవద్దు. “మన ఏరియాలో ఎవరూ ఆపరు” అని కాంట్రాక్టరు అంటే, ఆపేవాడి గురించి కాదు మీరు ఆలోచించాల్సింది. ఏదైనా జరిగితే బీమా కంపెనీ బాధితులకు డబ్బు కట్టి, ఆ మొత్తాన్ని యజమాని దగ్గర తిరిగి వసూలు చేసుకోవచ్చు. అప్పుడు ఆ యజమాని మీ వైపు ఎలా చూస్తాడో ఊహించుకోండి.

పెద్ద స్టాఫ్ బస్సు వేరే కథ. మొత్తం బరువు 12,000 కిలోలు దాటితే చట్టం దృష్టిలో హెవీ. యాభై సీట్ల బస్సు ఆ గీత ఎప్పుడో దాటేస్తుంది. కంపెనీ ఉద్యోగులను మోసేదైనా, బడి పిల్లలను మోసేదైనా, టికెట్టు కొట్టేదైనా ఇవన్నీ రవాణా వాహనాలే. దీనికి మీకు కావలసిన అర్హతలు రెండు. కారు లైసెన్సు వచ్చి కనీసం ఏడాది నిండాలి, వయసు 20 దాటాలి. రెండూ మీకు ఉన్నాయి. పరివాహన్ సారథి పోర్టల్‌లో కొత్త వాహన తరగతికి ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవారి లైసెన్సు, తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టుకు వెళ్లనిస్తారు. పత్రాలు సరిగ్గా ఉంటే మొత్తం వ్యవహారం రెండు నెలల్లో అయిపోతుంది. ఎల్ఎల్ఆర్ మీద ఉన్నన్నాళ్లు బండికి ముందూ వెనకా ఎల్ బోర్డు, పక్కన ఆ తరగతి లైసెన్సు ఉన్న మనిషి తప్పనిసరి. “ఎల్ఎల్ఆర్ వచ్చిందిగా, రాత్రి షిఫ్టు ట్రిప్పు ఒకటి కొట్టు” అని కాంట్రాక్టరు అంటే మొహమాటపడకుండా కాదనండి.

కళ్లజోడు గురించి భయపడకండి. రవాణా తరగతికి ఏ వయసువారైనా ఫారం 1ఎ మీద డాక్టరు సంతకం తేవాలి. అందులో అడిగేవి సూటిగా ఉంటాయి: మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుందా, రేచీకటి ఉందా, చెవులు వినిపిస్తాయా. నంబరు ప్లేటు జోడుతో చదివినా సరే. రేచీకటి మాత్రం దాచవద్దు. రాత్రి పది గంటల షిఫ్టు జనాన్ని పరవాడ నుంచి తీసుకురావలసింది మీరే. లంకెలపాలెం దగ్గర ఎదురుగా ట్రైలర్ లారీల దీపాలు కళ్లలో పడుతుంటే రోడ్డు అంచు కనిపించాలి. జోడు మార్చి రెండేళ్లు దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లేముందే ఒకసారి కంటి పరీక్ష చేయించుకోండి.

ఇప్పుడు ఆ 18 వేలు. ప్రభుత్వానికి వెళ్లేది అందులో చాలా తక్కువ. కేంద్రం 2016లో పెట్టిన రేట్ల ప్రకారం ఎల్ఎల్ఆర్‌కు 150 రూపాయలు, డ్రైవింగ్ టెస్టుకు 300, ఉన్న లైసెన్సుకు కొత్త తరగతి చేర్చడానికి 500. పైన రాష్ట్ర సేవా రుసుములు కొంత. మిగిలింది స్కూలుకు, మధ్యవర్తికి. స్కూలు నిజంగా బస్సు మీద నేర్పితే డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు. డీజిలు పోయాలి, టైర్లు అరుగుతాయి, పక్కన కూర్చునే మనిషికి జీతం ఇవ్వాలి. నాకు అభ్యంతరం ‘రానక్కరలేదు’ అన్న మాట దగ్గరే.

రవాణా తరగతికి టెస్టుకు వెళ్లాలంటే గుర్తింపు ఉన్న స్కూలు ఇచ్చే ఫారం 5 కావాలి. ఫలానా వ్యక్తి మా దగ్గర ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా శిక్షణ పొందాడని చెప్పే పత్రం అది. హెవీకి శిక్షణ 30 రోజులకు తగ్గకూడదని, అందులో స్టీరింగ్ పట్టుకుని నడిపిన గంటలు 15కు తగ్గకూడదని నిబంధన. స్కూలు దగ్గర ఫారం 15 అనే రిజిస్టరు ఉంటుంది. ఏ రోజు ఎన్ని గంటలు నడిపారో అందులో రాయాలి. ఏజెంటు మీకు అమ్ముతున్నది ఆ 15 గంటలనే, మీరు నడపని 15 గంటలను. కొత్త పద్ధతిలో వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో హెవీ కోర్సు ఇంకా ఎక్కువ, ఆరు వారాల్లో 38 గంటలు. నన్నడిగితే అది కూడా చాలదంటాను. బస్సు నడిపి రిటైరైన ముసలాయన మాట కాబట్టి కొంత తగ్గించి వినండి.

స్కూలుకు వెళ్లినప్పుడు ఫీజు కంటే ముందు బస్సు చూపించమనండి. ఉదయం ఆరింటికి వెళ్లండి, అది నిజంగా కదులుతోందో లేదో తెలుస్తుంది. కొన్ని చోట్ల చిన్న లారీ మీద నేర్పి హెవీ అంటారు. ఒక్కో గంటలో స్టీరింగ్ దగ్గర ఎంతమందిని మారుస్తారో అడగండి. గంటకు ఆరుగురైతే మీ వంతు పది నిమిషాలు.

ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, నాలుగేళ్లు కారు నడిపిన చేయి బస్సులో మిమ్మల్ని మోసం చేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాడికి కనీసం భయం ఉంటుంది. మీకు అదీ ఉండదు. కారులో ముందు చక్రాలు మీ పాదాల దగ్గర ఉంటాయి. పెద్ద బస్సులో మీరు ముందు చక్రాల కంటే ముందు కూర్చుంటారు, చక్రాలు మీ వీపు వెనక ఉంటాయి. కారు అలవాటుతో మూల రాగానే స్టీరింగ్ తిప్పారంటే బస్సు ఇంకా మలుపు దగ్గరికి చేరనే లేదన్నమాట. మీరు కూర్చున్న సీటు మూల దాటేదాకా నేరుగా పోనివ్వాలి. ఎదుటి రోడ్డు మీద వచ్చే బండ్లలోకి వెళ్లిపోతున్నట్టు అనిపిస్తుంది, గుండె ఝల్లుమంటుంది. అప్పుడు తిప్పాలి. తిప్పాక కూడా వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. గాజువాక జంక్షన్‌లో ఎడమ మలుపు తీసుకునేటప్పుడు బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య కాస్త సందు వదులుతారు కదా, సరిగ్గా ఆ సందులోకే స్కూటరు దూరుతుంది. వెనక చక్రం కోసుకొచ్చేది కూడా అక్కడికే. ఎడమ అద్దం మీద కన్ను వేయకుండా బస్సును ఎడమకు తిప్పడం నేరం అని మా గురువు అనేవారు. మా చేత అద్దం తుడిపించిన తర్వాతే తాళం చెవి ఇచ్చేవారు.

ఇక తోక. వెనక చక్రాల తర్వాత మిగిలిన బస్సును మేం తోక అంటాం. ముందు వెనక చక్రాల మధ్య దూరంలో 60 శాతం దాకా ఆ తోక ఉండవచ్చని నిబంధన. చక్రాల మధ్య దూరం ఆరు మీటర్లనుకోండి, తోక మూడున్నర మీటర్ల పైనే ఉండవచ్చు. మీరు కుడికి తిప్పితే అది ఎడమకు విసురుతుంది. నేను కొత్తగా బస్సెక్కిన నెలలో జగదాంబ దగ్గర స్టాపులో ఆగాను. ముందు ఒక లారీ అడ్డంగా నిలబడి ఉంది. దాన్ని తప్పించుకుపోదామని నిలబడ్డ చోటే స్టీరింగ్ మొత్తం కుడికి తిప్పి కదిలించాను. నా కళ్లన్నీ ఆ లారీ వెనక మూల మీదే ఉన్నాయి. అంగుళాల తేడాతో తప్పించాను, లోపల గర్వపడ్డాను కూడా. అంతలో కండక్టరు విజిల్ ఆగకుండా మోగింది. ఎడమ అద్దంలో చూస్తే కొబ్బరి బొండాల బండి ఒరిగిపోయి ఉంది, బొండాలు రోడ్డు మీద దొర్లుతున్నాయి. బండి యజమాని కత్తి చేత్తో పట్టుకుని నావైపు నడిచి వస్తున్నాడు. కాయలు కొట్టే కత్తేలెండి, చేతిలో ఉండిపోయింది అంతే. ఆ బొండాల డబ్బు నా జీతంలోంచి పోయింది. బండి ఉన్న చోట స్టాపులో నిలబడ్డ ప్రయాణికుడు ఉండి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన చాలా రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు. స్టాపు నుంచి బయలుదేరేటప్పుడు ముందు ఒక బారెడు నేరుగా పోనిచ్చి, ఆ తర్వాతే కొద్దికొద్దిగా తిప్పాలి. దానికి చోటు మిగిలేలా ముందున్న బండికి ఎడంగా ఆపుకోవాలి. ఇదంతా పుస్తకంలో చదివితే ఒంటపట్టదు. ఒక ఆదివారం ద్వారకా బస్ స్టేషన్‌కు వెళ్లి, ప్లాట్‌ఫాం నుంచి బస్సులు వెనక్కి తీసి తిప్పుకునే చోట, దారికి అడ్డం రాకుండా ఓ గంట నిలబడండి. బస్సు ముఖం చూడకండి, తోక చూడండి.

రెండోది ఎయిర్ బ్రేకు, గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకు. కారులో తాళం తిప్పి వెళ్లిపోతారు. బస్సులో ఇంజన్ ఆన్ చేసి, గాలి సిలిండర్లు నిండేదాకా ఆగాలి. మీటరులో ముల్లు పైకి లేవాలి, హెచ్చరిక బజరు ఆగాలి, నిండాక ‘చుస్స్’ మని గాలి వదిలిన చప్పుడు రావాలి. రాత్రంతా ఆగి ఉన్న బస్సులో దీనికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆలస్యమైందని ముల్లు లేవకముందే కదిలించాలని చూడకూడదు. గాలి తక్కువున్నప్పుడు పార్కింగ్ బ్రేకు పట్టు వదలదు, వదిలించుకుని కదిలినా కాలి కింద బ్రేకు ఉండదు. కాలితో మాటిమాటికీ కొట్టినా గాలి అయిపోతుంది, కంప్రెసరు నింపేలోపే మీరు ఖర్చు చేసేస్తారు. గట్టిగా, ఒకేసారి, ముందుచూపుతో నొక్కి వదలాలి. కారు డ్రైవర్లకు ఇది ఆలస్యంగా వస్తుంది, ఎందుకంటే కారు బ్రేకు ఎన్నిసార్లు నొక్కినా విసుక్కోదు.

ఘాట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. స్టాఫ్ బస్సు నడిపేవాణ్ణి ఆదివారం కంపెనీ పిక్నిక్కుకు అరకు పంపడం విశాఖలో మామూలే. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు అందరూ జాగ్రత్తగానే నడుపుతారు. ప్రమాదం సాయంత్రం గాలికొండ నుంచి దిగేటప్పుడు. జనం పాటలు పాడుతుంటారు, మీరు అలసిపోయి ఉంటారు, బండి తనంతట తానే పరుగెడుతుంటుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. ఇంజన్ పొగ దారిని మూసి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు వాడి ఇంజన్ చేత పట్టించాలి, కాలి బ్రేకును అవసరానికి దాచుకోవాలి. బ్రేకు మీదే కాలుపెట్టి దిగితే డ్రమ్ములు కాగిపోయి, కాలిన వాసన వచ్చి, పెడల్ నొక్కినా బండి ఆగని స్థితి వస్తుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపే మహానుభావులు ఇప్పటికీ ఉన్నారు. అలాంటివాడి పక్కన నేర్చుకోవద్దు. హెవీ వచ్చిన మొదటి ఏడాది ఘాట్ ట్రిప్పు ఇస్తే, ఆ దారి తెలిసిన పెద్ద డ్రైవరును వెంట పంపమని అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

టెస్టు గురించి పెద్దగా చెప్పను. మీ రవాణా కార్యాలయంలో స్లాటు తీసుకుంటారు, స్కూలు వాళ్ల బస్సు వస్తుంది, బ్రేక్ ఇన్‌స్పెక్టరు (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) చూస్తారు. వెనక్కి నడపడం దగ్గరే ఎక్కువమంది తడబడతారు. తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లవచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. మొదటిసారి తప్పితే కుంగిపోవద్దు. టెస్టు రోజే మొదటిసారి బస్సు స్టీరింగ్ పట్టుకున్నవాడు కూడా పాసైన సందర్భాలు నేను చూశాను. నాకు భయం వేసింది వాళ్లను చూసే.

మీ కారు లైసెన్సు గడువు చెక్కుచెదరదు. కార్డు మీద రెండు గడువులు వేరువేరుగా ఉంటాయి: సొంత వాహనాలకు ఒకటి, రవాణాకు ఒకటి. మీకు 30 ఏళ్లలోపు వచ్చిన లైసెన్సు కాబట్టి మొదటిది 40 ఏళ్ల వయసు దాకా నడుస్తుంది. రవాణాది ఐదేళ్లే, ప్రతిసారీ ఫారం 1ఎతో పునరుద్ధరించుకోవాలి. ఆ తేదీ ఫోనులో గుర్తుపెట్టుకోండి. గడువు ముగిశాక నెల రోజుల వెసులుబాటు ఉంటుందని పాతవాళ్లు చెబుతారు, 2019 సవరణతో అది పోయింది. మల్కాపురం వైపు ఉండే స్నేహితులు ఎవరైనా “హెవీ వచ్చిందిగా, ఆయిల్ ట్యాంకరు ఎక్కు” అంటే దానికి వేరే మూడు రోజుల శిక్షణ, లైసెన్సు మీద వేరే రాత ఉండాలి. ఆ రాత గడువు మూడేళ్లే.

ఆర్టీసీ విషయానికొస్తే, అక్కడ డ్రైవరు పోస్టుకు హెవీ లైసెన్సు ఉండటం ఒక్కటే చాలదు, అది చేతికొచ్చి ఎన్నాళ్లయిందో, ఎంతకాలం నడిపారో కూడా చూస్తారు. అంటే మీ గడియారం లైసెన్సు తేదీ నుంచి తిరగడం మొదలవుతుంది. అందుకే కాంట్రాక్టరు దగ్గర చేరేటప్పుడు నియామక పత్రం, జీతం బ్యాంకులో పడటం, పీఎఫ్ అడగండి. రెండేళ్ల తర్వాత “నేను ఫలానా చోట హెవీ నడిపాను” అంటే నమ్మడానికి చేతిలో కాగితం ఉండాలి. ఇందాక వాయిదా వేసిన చదువు సంగతి ఇక్కడ వస్తుంది. లైసెన్సుకు చదువు అక్కరలేకపోయినా ఉద్యోగ ప్రకటనకు కావలసి రావచ్చు. ఓపెన్ స్కూలులో పదో తరగతికి ఈ ఏడాదే కట్టేయండి. ప్రయాణికుల బండ్లు నడిపేవారికి ఇచ్చే బ్యాడ్జి గురించి లైసెన్సు తీసుకునే రోజే కౌంటరులో అడిగి, కావాలంటే అప్పుడే దరఖాస్తు పెట్టేయండి.

కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు జీతం కంటే ముందు గంటలు తేల్చుకోండి. స్టాఫ్ బస్సుల్లో తెల్లవారుజామున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి పదికి ఒకటి. నడిపేది ఎనిమిది గంటలే అంటారు, కానీ మనిషి ఉదయం నాలుగింటి నుంచి రాత్రి పదకొండు దాకా బండి చుట్టూనే తిరుగుతుంటాడు. మధ్యలో పడుకోవడానికి చోటు ఎక్కడ, మూడు ట్రిప్పులూ ఒకే మనిషికి వేస్తారా, వారానికి సెలవు ఏ రోజు అని అడగండి. రాత్రి షిఫ్టు దింపి, తెల్లవారు షిఫ్టు ఎక్కించేది ఒకే డ్రైవరైతే ఆ ఉద్యోగం వద్దు. విశాఖలో స్టాఫ్ బస్సులకు కొదవలేదు, ఇంకొకరు దొరుకుతారు.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. ఆ 20 సీట్ల బస్సు పక్కన రంగుతో రాసిన మొత్తం బరువు అంకెను ఫొటో తీసుకుని, ఆర్‌సితో పోల్చి చూసుకోండి. రెండు అంకెలూ వేరువేరుగా ఉంటే తాళం చెవి ఆయనకే తిరిగి ఇచ్చేయండి.